పసరు, కషాయము: మన్యపు మూలికలు, చీనా వైద్యము

గత వర్షాకాలములో మేము పాటలు రికార్డు చేసుకొనుటకు దుమ్ముగూడెము దాటి, అడవి అంచున ఉన్న ఒక కోయ పల్లెకు వెళ్లినాము. మేము చేరునప్పటికి ఆ ఇంటి వసారాలో పదేండ్ల పిల్ల చలిజ్వరముతో వణుకుతూ నులకమంచముపై పడుకొని ఉన్నది. మంచము ప్రక్కన రెండు మందులు కనబడినవి. ఒకటి ఆకుదొప్పలో పచ్చని పసరు. పిల్ల తాత తెల్లవారుజామున అడవికి పోయి తెచ్చిన ఆకును నూరి పిండినది అది. రెండవది మాత్రల అట్ట. ఆశా కార్యకర్త వచ్చి, పిల్ల వేలికొన గుచ్చి, రక్తపుచుక్కను పరీక్షించి, మలేరియా అని తేల్చి ఇచ్చిపోయినది.

“తాతా, ఆకును ఉడికించి కషాయము కాచవచ్చును గదా, పసరు పిండుట ఎందుకు?” అని అడిగినాము. ఆయన మమ్మును వింతగా చూచి, “ఉడికిస్తే దాని పాణం పోదా, సారూ?” అన్నాడు.

ఆ మాటను మేము అప్పుడు పట్టించుకొనలేదు. తిరిగి వచ్చిన పిమ్మట, మాత్రల అట్టపై చూచిన పేరును పట్టుకొని దాని పుట్టుపూర్వోత్తరములు వెదకినాము. ఆర్టిసునేట్ అను ఆ మందుకు మూలము చీనా దేశములో పెరుగు ఒక మొక్క. ఆ మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసమును జ్వరమునకు త్రాగవలెనని సుమారు 1,600 ఏండ్ల క్రిందట ఒక చీనా వైద్యుడు వ్రాసిపెట్టినాడు. ఉడికించుమని ఆయన చెప్పలేదు. ఆ ఒక్క వివరము పుస్తకములో నిలిచి ఉండబట్టియే ఆ మందు మన కాలములో లోకమునకు దక్కినది. తాత చెప్పిన మాట మాత్రము ఏ పుస్తకములోను లేదు. ఒకే మంచము ప్రక్కన ఉన్న ఆ రెండు మందుల నడుమ గల దూరమే ఈనాటి మా ప్రసంగమునకు విషయము.

భద్రాచలము అనగానే శ్రోతలకు రామదాసు కట్టించిన కోవెల, పర్ణశాల, శ్రీరామనవమినాటి కల్యాణము జ్ఞాపకము వస్తవి. కాని ఆ కోవెల మెట్లు దిగి నాలుగు దిక్కులా నడచిన వానికి ఎదురగునది అడవి. గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న ఈ ప్రాంతము 1860 లో నైజాము చేతినుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. మొదట మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874 లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. 1959 లో ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014 లో కూనవరము, చింతూరు, వేలేరుపాడు మొదలైన మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016 లో భద్రాచలము పట్టణము కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఇన్ని ప్రభుత్వములు మారినవి. జ్వరము మాత్రము ఇన్నింటికిని లొంగక నిలిచినది.

మైదానపు ప్రజలు దానిని మన్యపు జ్వరము అన్నారు. “మన్యపు నీళ్లు పడలేదు” అనుట మన ప్రాంతములో పాత వాడుక. 1879 లో రంప పితూరీ చెలరేగి, భద్రాచలము తాలూకాలోని రేకపల్లి వరకు ప్రాకినప్పుడు, దానిని అణచుటకు వచ్చిన సేనలను తిరుగుబాటుదారులతో పాటు ఈ జ్వరమును వేధించినది. నీటి దోషమో, గాలి దోషమో ఎవరికిని తెలియదు. మలేరియా అను మాటకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థము. 1897 ఆగస్టు 20 న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూచినాడు. ఆ కనుగొనుటకు 1902 లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. జ్వరమును మోసుకొని వచ్చునది దోమ అని తెలిసినది మన తెలుగుగడ్డ మీదనే అన్నమాట.

జ్వరకారణము తెలియక పూర్వమునుంచియు ఈ అడవిలో కోయలు, కొండరెడ్లు బ్రతికినారు. వారికి వారి వైద్యము ఉన్నది. ఏజెన్సీ సంతకు పోయిన వారికి ఆ వైద్యపు సరుకు కొంత కంటబడుతుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరిక, ఈ మూడింటి కూర్పే మన త్రిఫల. తిప్పతీగ, నేలవేము జ్వరములకు. సుగంధిపాల వేరు చలవకు. పిల్లిపీచర గడ్డ బాలింతలకు. పొడపత్రి ఆకును నమలినవాని నాలుకకు కొంతసేపు పంచదార తీపి తెలియదు. నల్లజీడి గింజ చర్మమునకు తగిలితే పొక్కును. ఆ గింజ రసముతోనే చాకలివారు బట్టలపై చెరగని గుర్తులు పెట్టెడివారు. చిల్లగింజను కుండ లోపలి అంచున అరగదీస్తే, వరద గోదావరి బురదనీరు కొంతసేపటికి తేరుకొనును. ఇది మంత్రము కాదు. గింజలోని పదార్థము మట్టిరేణువులను దగ్గర చేర్చి అడుగునకు దించుతున్నది. పట్టణములలో పటిక చేయు పని ఇదియే.

ఈ సరుకును సంతలో తూచుట సులభము. 1956 లో స్థాపించిన గిరిజన సహకార సంస్థ దళారుల బారినుండి గిరిజనులను కొంత కాపాడి, అటవీ ఫలసాయమునకు ధర కట్టి కొన్నది. అది మేలైన పనియే. కాని త్రాసులో తూగునది కాయ మాత్రమే. ఆ కాయను గూర్చిన తెలివి తూగదు. ఏ కొండ వాలున పెరిగినది మంచిది, ఏ నెలలో కోయవలెను, ఆకు వాడవలెనా, బెరడు వాడవలెనా, పచ్చిదా ఎండినదా, నూరవలెనా కాచవలెనా, ఎవరికి ఇవ్వరాదు అను తెలివి ఒక ముసలివాని నోటిలో ఉండి, ఆయన మనసు వచ్చినప్పుడు కొడుకు చెవిలోనో అల్లుని చెవిలోనో పడవలసినదే. పైగా “చెప్పితే మందు పారదు” అను నమ్మకము ఒకటి. ఆ నమ్మకము వెనుక మూఢత్వము ఒక్కటే ఉన్నదనుకొనుట పొరపాటు. తన దగ్గర ఉన్న ఒకే ఒక ఆస్తిని దాచుకొను పేదవాని జాగ్రత్త కూడ అందులో ఉన్నది.

అడవి తెలివికిని పుస్తకపు తెలివికిని గల సంబంధము చాల పాతది. మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, గోపాలకులు, వనవాసులు మూలికల పేర్లను, రూపములను ఎరుగుదురని చరకసంహిత ఒప్పుకొన్నది. అయితే పేరు, రూపము తెలిసినంత మాత్రాన చాలదనియు, ప్రయోగము తెలిసినవాడే వైద్యుడనియు వెంటనే చెప్పినది. ఈ మాటలో నిజము ఉన్నది. కాని మా కోయ తాతకు పేరు, రూపమే గాక ప్రయోగమును తెలుసునని ఆ గ్రంథకర్త ఊహించినట్లు లేదు. ఆ విధముగా మూలిక పుస్తకములోనికి వచ్చినది, మూలికను చూపినవాని పేరు అడవిలోనే ఉండిపోయినది.

పుస్తకములకు మన నాట కొదువ లేదు. కాయచికిత్సకు ఆత్రేయ సంప్రదాయము, శస్త్రచికిత్సకు ధన్వంతరి సంప్రదాయము, పాదరసము మొదలైన లోహముల మందులకు నాగార్జునుని పేర సాగిన రసతంత్రము మన వైద్యములోని మూడు పెద్ద పాయలు. జైనుడైన ఉగ్రాదిత్యుడు రామగిరిలో కల్యాణకారకము రచించి, మాంసము, తేనె, మద్యము లేకయే వైద్యము చేయవచ్చునని వాదించినాడు. విజయనగరము సమీపాన ఉన్న రామతీర్థమే ఆ రామగిరి అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. 1261 నాటి మల్కాపురము శాసనములో కాకతీయ రుద్రమదేవి కాలమునాటి ప్రసూతిశాల, ఆరోగ్యశాలల ప్రస్తావన ఉన్నది. బసవరాజీయము తెలుగునాట వైద్యుల ఇండ్లలో తరతరములుగా ఉన్న గ్రంథము. 1595 లో మహమ్మదు కులీ కుతుబ్‌షా హైదరాబాదులో దారుల్‌షిఫా కట్టించగా, యునానీ వైద్యమును ఇక్కడ వేళ్లూనినది.

ఇప్పుడు చీనా దేశమునకు పోదము. పోవుటకు దారి కొత్తది కాదు. 639 ప్రాంతములో హ్యూన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చి వేంగిని, ధాన్యకటకమును చూచినాడు. నాగార్జునుడు ఔషధములు కూర్చుటలో దిట్ట అని ఆయన వ్రాసినాడు. చీనాలో ఏడవ శతాబ్దమున కూర్చిన సుయి వంశ చరిత్రలోని గ్రంథపట్టికలో నాగార్జున బోధిసత్త్వుని పేర ఒక ఔషధగ్రంథము కనబడుతున్నది. ఆయన పేర ఒక నేత్రవైద్య గ్రంథమును చీనాలో చాలకాలము ప్రచారములో ఉన్నది. తాత్త్వికుడైన నాగార్జునుడు, వైద్యుడైన నాగార్జునుడు ఒక్కరో, ఇద్దరో అన్న చర్చ వేరు. ఆ పేరు వైద్యుని పేరుగా చీనా చేరినదనుట మాత్రము నిజము.

మన కరక్కాయయు అటులనే ప్రయాణము చేసినది. 659 లో తాంగ్ చక్రవర్తి ఆజ్ఞపై తయారైన ఔషధకోశములో అది “హెలిలె” అను పేరుతో ఉన్నది. మన హరీతకి పారశీకుల నోట హలీలా అయి, చీనావారి నోట ఆ రూపము దాల్చినది. ముష్టి గింజ సంగతియు అంతే. విదేశపు గింజగా చీనా ఔషధ గ్రంథములకు ఎక్కినది. ముష్టి కాలకూటము. మన వైద్యులు దానిని గోమూత్రములోను, పాలలోను శుద్ధి చేసి, నేతిలో వేయించి వాడినారు. చీనావారు కాలిన ఇసుకలో పొంగువరకు వేయించినారు. విషము తగ్గించవలెనన్న బుద్ధి రెండుచోట్లను ఒక్కటే. 1818 లో పెలెటియే, కావెంటూ అను ఇద్దరు ఫ్రెంచివారు ఈ జాతి గింజలనుండి స్ట్రిక్నైన్ అను విషమును వేరు చేసినారు. మలేరియాకు మందైన క్వినైనును 1820 లో సింకోనా బెరడునుండి వేరు చేసినవారు కూడ ఆ ఇద్దరే.

చీనా వైద్యపు మూలసూత్రములు వినుటకు కొత్తవైనను మన ఇల్లాండ్రకు సులభముగా బోధపడును. లోకములోని సమస్తమును యిన్, యాంగ్ అని రెండుగా చూచుట అందులో మొదటిది. యిన్ చల్లనిది, నీడ, నిశ్చలము. యాంగ్ వేడి, వెలుగు, చలనము. రెండింటి పొత్తు చెడుట వ్యాధి. ఆవకాయ వేడి చేసినదని మజ్జిగ త్రాగించు మన ఇంటి ముసలమ్మకు ఈ సిద్ధాంతము ఎవరును చెప్పనక్కరలేదు. శరీరములో ప్రవహించు ప్రాణశక్తి “చీ”. అది నడచు దారులు మన నాడులవంటివి. ఆ దారులపై సూదులు గ్రుచ్చుట, మొక్కల దూదిని కాల్చి కాక పెట్టుట వారి ప్రత్యేకత. మన పంచభూతములు భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశము. వారి ఐదు చెట్టు, నిప్పు, మన్ను, లోహము, నీరు. అవి పదార్థముల కంటె ఎక్కువగా ఒకదానినుండి ఒకటి పుట్టుచు, ఒకదానిని ఒకటి అణచు దశలు. మన రుచులు ఆరు, వారివి ఐదు. వగరును వారు విడిగా లెక్కించలేదు.

మందు కూర్పులో వారి పద్ధతి రాజసభవంటిది. ప్రధాన మూలిక రాజు. దానికి బలమిచ్చునది మంత్రి. దోషమును సరిచేయునది సహాయకుడు. మందును రోగస్థానమునకు చేర్చునది దూత. షెన్‌నుంగ్ అను పురాణపురుషుని పేర ఉన్న వారి తొలి మూలికాగ్రంథము 365 ద్రవ్యములను మూడు తరగతులుగా విభజించినది. ఎంతకాలమైనను వాడదగినవి పై తరగతి. విషము కలిగి, రోగమును కొట్టుటకు మాత్రమే కొద్దికాలము వాడదగినవి క్రింది తరగతి. “మూలిక కదా, హాని ఏమున్నది?” అను మాట ఈనాడు మన ఇండ్లలో తరచుగా వినబడుతున్నది. ఆ గ్రంథకర్తకు అంతటి అమాయకత్వము లేదు.

ఈ సూత్రములు ఒక్కటే అయినను శాఖలు పలు విధములు. సుమారు 200 వ సంవత్సరములో జాంగ్ జోంగ్‌జింగ్, జ్వరములన్నియు చలి దెబ్బవలన పుట్టి ఆరు దశలలో లోనికి దిగునని చెప్పి, దశకొక చికిత్స చూపినాడు. పన్నెండు నుండి పదునాల్గవ శతాబ్దము వరకు యుద్ధములు, కరవులు దేశమును పీడించిన కాలములో నలుగురు ఆచార్యులు నాలుగు మార్గములు త్రొక్కినారు. లియు వాన్‌సు రోగమునకు మూలము వేడి అని చలవ మందులు వాడినాడు. జాంగ్ చోంగ్‌జెంగ్ చెమట, వాంతి, విరేచనములతో దోషమును వెళ్లగొట్టవలెనన్నాడు. లి దోంగ్యువాన్ 1232 నాటి కైఫెంగ్ నగర ముట్టడిని చూచినవాడు. ఆకలితో కడుపు చెడి జనము చనిపోవుట చూచి, జీర్ణశక్తిని కాపాడుటయే వైద్యమన్నాడు. మన వైద్యులు మందాగ్నిని గూర్చి చెప్పునది ఇటువంటిదే. జు దాన్‌షీ తరుగు యిన్‌ను పోషించవలెనన్నాడు. 1642 లో, ఒక పెద్ద మహమ్మారి తరువాత, వు యోషింగ్ చలి వేడి వాదములను త్రోసి, అంటువ్యాధులకు వేరే దుష్టద్రవ్యము కారణమని వ్రాసినాడు. ప్రతి శాఖయు తన కంటి ఎదుట చనిపోవుచున్న రోగులనుండి పుట్టినదేనని దీనివలన తెలియుచున్నది.

ఈ గ్రంథములన్నియు నిజములని మేము చెప్పుట లేదు. అమరత్వమునకని పాదరసపు మందులు మ్రింగి చనిపోయిన తాంగ్ చక్రవర్తులు ఉన్నారు. ఆ రసములను ప్రశంసించిన పుస్తకములును ఉన్నవి. పుస్తకమునకు ఎక్కినంత మాత్రాన మాట మందు కాజాలదు. కాని పుస్తకములో ఉన్న తప్పును తరువాతివాడు దిద్దగలడు, ఒప్పును తరువాతివాడు పరీక్షించగలడు. పదహారవ శతాబ్దములో లి షిజెన్ చేసినది ఈ పనియే. ఆయన పాత గ్రంథములను చదువుటతో తృప్తిపడక, రైతులను, జాలరులను, కట్టెలు కొట్టువారిని, వేటగాండ్రను అడిగి తెలుసుకొని, 27 ఏండ్లు శ్రమించి, 1578 లో 1,892 ద్రవ్యముల మహాకోశమును ముగించినాడు. అది అచ్చయినది 1596 లో, ఆయన మరణించిన మూడేండ్లకు. అడవి నోటిని, పండితుని కలమును ఒకచోట కూర్చిన పని అది.

ఇక ఆ జ్వరపు మొక్క కథ. దాని చీనా పేరు చింగ్‌హావ్. మన వినాయకచవితి పత్రిలో మొదట వచ్చు మాచిపత్రికి అది దగ్గరి చుట్టము. రెండును ఆర్టిమిసియా జాతివి. అయితే ఆ మందు మాచిపత్రిలో దొరకునని శ్రోతలు భ్రమపడరాదు. నాల్గవ శతాబ్దములో గ హోంగ్ అను వైద్యుడు, ఊరికి దూరాన ఉన్నవారికి అత్యవసరములో పనికివచ్చునని ఒక చిన్న చికిత్సాగ్రంథము వ్రాసినాడు. జ్వరమునకు పిడికెడు చింగ్‌హావ్ ఉపయోగము అందులోనిదే.

1967 మే 23 న చీనా ప్రభుత్వము మలేరియా మందు కొరకు ఒక రహస్య పరిశోధన ప్రారంభించినది. ఆ తేదీనిబట్టి దానికి 523 అని పేరు. వియత్నాము యుద్ధరంగములో పాత మందులకు జ్వరము లొంగని కాలము అది. 1969 లో అందులో ఒక బృందమునకు తూ యోయో అను పరిశోధకురాలిని నాయకురాలిని చేసినారు. ఆమెకు డాక్టరేటు లేదు, విదేశములలో చదువలేదు. ఆమె బృందము పాత పుస్తకములు తిరగవేసి, ముసలి వైద్యులను కలిసి, రెండువేలకు పైగా యోగములను సేకరించినది. సుమారు 200 మూలికలనుండి 380 కి పైగా సారములు తీసి ఎలుకలపై పరీక్షించినది. చింగ్‌హావ్ ఒకసారి పని చేసినది, మరొకసారి చేయలేదు. ఎందువలన?

అప్పుడామె గ హోంగ్ గ్రంథమును మరల చదివినది. చీనా మందులు సాధారణముగా కాచిన కషాయములు. ఇతడు కాచుట చెప్పలేదు, పిండుట చెప్పినాడు. అనగా, వేడి తగిలితే మందు గుణము చెడుచున్నదేమో! ఆమె ఈథరుతో, తక్కువ వేడిమిలో సారము తీసినది. 1971 అక్టోబరు 4 న 191 వ నమూనా జ్వరక్రిమిని పూర్తిగా అణచివేసినది. 1972 లో ఆమెయు, ఆమె సహచరులును రోగులకు ఇచ్చుటకు ముందు తామే ఆ మందు మ్రింగి చూచుకొన్నారు. ఆ సంవత్సరము నవంబరులో ఆర్టిమిసినిన్ స్ఫటికములుగా చేతికి వచ్చినది. 2015 లో తూ యోయోకు నోబెల్ బహుమానము వచ్చినది. పుస్తకము చెప్పనివి కూడ ఆ బృందము కనుగొన్నది. మందు ఆకులోనే ఉన్నది, కాడలో లేదు. పెకింగు పరిసరముల మొక్కలో అది తక్కువ, సెచువాను మొక్కలో ఎక్కువ. కోత కాలమును బట్టియు అది మారును. ఏ కొండది, ఏ నెలది, ఏ భాగము అన్నవి మా కోయ తాత అడుగు ప్రశ్నలే కదా!

ఈ మందునుండి పుట్టినదే ఆర్టిసునేట్. క్రిమి దానికి అలవాటు పడకుండ, దానికి మరొక మందును తోడు చేర్చి ఇస్తారు. రాజునకు మంత్రి తోడు అన్నమాట. 2010 నాటి మన జాతీయ మలేరియా ఔషధవిధానము ప్రమాదకరమైన ఫాల్సిపారం జ్వరమునకు ఈ జంట మందునే నిర్దేశించినది. దుమ్ముగూడెము అవతల ఆ పిల్ల మంచము ప్రక్కకు చేరినది అదే.

మరి మన పసరు సంగతి? నిజము చెప్పవలెను. అడవి మందులన్నియు పరీక్షకు నిలువవు. మన్యములో చలిజ్వరమునకు వాడిన ఏడాకులపాల బెరడు ఒకప్పుడు దొరల ఔషధకోశములలోను ఎక్కినది. ఎలుకలపై జరిపిన పరీక్షలలో అది జ్వరక్రిమిని చంపగలదని రుజువు కాలేదు. తాత దొప్పలోని పసరు ఎంత పని చేయునో మేము చెప్పజాలము. అందుచేత ఈ ప్రసంగము విని ఎవరును రక్తపరీక్షను మాని పసరును నమ్ముకొనరాదు. ఫాల్సిపారం జ్వరము మెదడుకు ఎక్కితే గడియలలో ప్రాణము తీయును. ముష్టి వంటి వాటిని ఇంటిలో ప్రయోగించుట ఆత్మహత్యయే.

కాని పరీక్షించవలెనన్నచో పరీక్షించుటకు మాట మిగిలి ఉండవలెను. 2001 లో మన దేశము సంప్రదాయ విజ్ఞాన నిధిని ఆరంభించి, ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథములలోని యోగములను భద్రపరచ నారంభించినది. పసుపు గాయములను మాన్పునన్న తెలివిపై అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997 లో రద్దు చేయించగలిగినది, ఆ తెలివి మన పుస్తకములలో వ్రాసి ఉన్నందువలననే. పుస్తకము లేని కోయకు, కొండరెడ్డికి ఆ రక్షణ ఎక్కడిది? 2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద ఊరూర ప్రజాజీవవైవిధ్య పట్టికలు వ్రాయవచ్చును. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ అను మొక్కనుండి శాస్త్రజ్ఞులు ఒక మందు చేసి, దాని రాబడిలో భాగమును ఆ గిరిజనుల ధర్మనిధికి ఇచ్చినారు. అది దోషములు లేని ఏర్పాటు కాదు. అయినను తెలివి ఎవరిదో, వారి పేరు వ్రాసి, వారి వంతు ఇచ్చుట సాధ్యమేనని అది చూపినది.

గడువు ఎక్కువ లేదు. పోలవరము జలాశయము క్రింద మునుగు పల్లెలనుండి కోయలు, కొండరెడ్లు పునరావాస కాలనీలకు తరలుచున్నారు. ఇంటికి బదులు ఇల్లు, భూమికి బదులు భూమి లెక్కకు వచ్చును. ఫలానా వాగు ఒడ్డున, ఫలానా రాతి నీడన పెరుగు ఆకును తెలిసిన మనిషికి ఆ వాగే లేకపోయినచో ఆ తెలివికి బదులు ఏమున్నది? ఆ ఆకు పేరు తెలిసిన మనుమడు మొక్కను చూడడు. మరి రెండు తరములకు పేరును పోవును.

మూడవనాటికి ఆ పిల్ల జ్వరము తగ్గినదని మాకు కబురు వచ్చినది. మాత్ర తగ్గించినదని ఆశా కార్యకర్త అన్నది. తాత మాత్రము రెండు మందులును కలిసి తగ్గించినవని అన్నాడట. మేము తగవు తీర్చబోము. మరల ఆ పల్లెకు పోవునప్పుడు పాటల కొరకు తీసికొని పోవు యంత్రముతో పాటు ఒక నోటుపుస్తకమును తీసికొని పోదుము. ఆయన చెప్పుటకు ఇష్టపడినంత వరకు, ఆకు పేరు కోయభాషలో ఆయన పలికినట్లే, ఆయన పేరుతో సహా వ్రాసికొందుము. దాచుకొనదలచినది దాచుకొను హక్కు ఆయనదే. కాని ఉడికిస్తే దాని ప్రాణము పోవునన్న ఒక్క మాటనైనను ఎవరో ఒకరు వ్రాసిపెట్టవలెను. అటువంటి ఒక్క మాట ఎంత విలువైనదో చీనా పుస్తకము మనకు చూపినది.